చెంగలరాయుడి శాలువాలు

ఒక పెద్ద అడవిలో, మరీ అంత పెద్దదేం కాదు గాని నాలుగు కమిటీలు కడుపు నిండా బతకగలిగినంత పెద్ద అడవిలో, చెంగలరాయుడనే జింక ఉండేవాడు. పరుగులో వాడి తర్వాతే ఎవరైనా. ఏటా వానలు వెలిశాక వాగొడ్డు నుంచి ఎర్రగుట్ట దాకా అక్కడ పరుగు పందెం జరుగుతుంది. ఏ ఏడు చూసినా మొదటి స్థానం వాడిదే. వాడు పరిగెడుతుంటే కాళ్లు నేలకి ఆనవని అడవిలో చెప్పుకునేవాళ్లు. ఆనేవే లెండి, ఆనకపోతే పరుగెలా అవుతుంది? చెప్పుకునేవాళ్లు అలాగే చెప్పుకుంటారు.

వాడికా పరుగు నేర్పింది ఒక చిరుత. అంటే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పలేదు, తరిమి నేర్పాడు. చెంగలరాయుడు పాలు తాగే వయసులో మచ్చేశ్వరరావనే ఆ చిరుత రోజూ పొద్దున్నే వాడి వెంటపడేవాడు. ఒక్కనాడూ దొరకలేదు. దొరికి ఉంటే నాకీ కథ చెప్పే శ్రమ తప్పేది.

తర్వాత అడవిలో శాంతి ఒప్పందం జరిగింది. వేట నిషేధించారు. మచ్చేశ్వరరావు చేపలకి అలవాటుపడి, బొజ్జ పెంచి, అడవి క్రీడా ఆరోగ్య సంఘానికి అధ్యక్షుడై, మచ్చేశ్వరరావు గారయ్యారు. ఇప్పుడు నలుగురిలో చెంగలరాయుడు కనిపిస్తే చాలు, భుజం మీద పంజా వేసి, “మా శిష్యుడే! చిన్నప్పుడు రోజూ నేనే పరిగెత్తించాను” అంటారు. అబద్ధమని ఎవరనగలరు? పంజా భుజం మీద పడినప్పుడల్లా చెంగలరాయుడికి మాత్రం ఒళ్లు జలదరించేది.

ఒకరోజు సంఘం వారికి ఉన్నట్టుండి పిల్లల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

“ఈ కాలం పిల్లల్ని చూశారా?” అన్నారు మచ్చేశ్వరరావు గారు సభలో. “కుందేలు పిల్ల గట్టెక్కితే ఆయాసపడుతోంది. కోతిపిల్ల చెట్టు కింద నిలబడి, అమ్మా పండు కోసివ్వవే అంటోంది. మా రోజుల్లో పిల్లలు ఎంత బాగా పరిగెత్తేవాళ్లు! చూస్తే నోరూరేది.”

ముందు వరసలోని కుందేళ్లు రెండడుగులు వెనక్కి జరిగాయి.

“అంటే ముచ్చటేసేదని అధ్యక్షుల వారి భావం,” అంది గోరువంక. ఆవిడ పేరు పలుకులమ్మ. అడవిలో ఏ సభ జరిగినా వ్యాఖ్యానం ఆవిడదే.

పిల్లలు ఎందుకిలా అయ్యారని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చాలా దూరం పోతుంది. బడిలో డ్రిల్లు పీరియడ్ ఎత్తేసి లెక్కల పీరియడ్ పెట్టించింది ఆ సంఘం వారే.

“పెద్ద ఆటగాళ్లని బడులకి పంపుదాం. వాళ్లని చూసి పిల్లలు బాగుపడతారు,” అని తీర్మానించారు. మొదటి మార్గదర్శి ఎవరో వేరే చెప్పాలా? చెంగలరాయుడే.

చెంగలరాయుడు ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంటికి పోయి భార్య కురంగమ్మతో, “ఇన్నాళ్లూ నా కోసం పరిగెత్తానే! ఇక పిల్లల్ని పరిగెత్తిస్తాను. వాళ్లలోంచి నా అంతటివాళ్లు పదిమంది రావాలి,” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, పాపం.

“మంచిదే,” అంది కురంగమ్మ. “పొద్దున్నే వెళ్తారా మరి?”

“తెల్లారకముందే వెళ్లి మైదానంలో నిలబడతాను.”

ఆ మాట మచ్చేశ్వరరావు గారి చెవిన పడింది. ఆయన నెత్తి కొట్టుకున్నారు. “ఎక్కడి అమాయకుడివోయ్! ముఖ్య అతిథి చెప్పిన వేళకి వెళ్తే లోకువైపోతాడు. నువ్వు ఎండెక్కాక బయల్దేరు. పిల్లలు ఎదురు చూడాలి. ఎదురు చూపులోనే ఉంది గౌరవం.”

మొదటి బడి ఇప్పచెట్ల మైదానం పక్కనుంది. హెడ్‌ మిస్ట్రెస్ సూదమ్మ అనే ముళ్లపంది. ఆవిడ బెత్తం పట్టుకోగా ఎవరూ చూడలేదు. వీపు మీద ముళ్లు కొంచెం లేస్తే చాలు, బడి మొత్తం సర్దుకుంటుంది. చెంగలరాయుడు వస్తున్నాడంటే ఆవిడ పిల్లలకి ఆటలు మాన్పించి, స్వాగత గీతం నేర్పించింది. మైదానం నిండా పందిరి వేయించింది. ఆ రోజు పొద్దుటి నుంచీ పిల్లల్ని వరసల్లో కూర్చోబెట్టింది.

చెంగలరాయుడు వెళ్లేసరికి పిల్లలు ఎండకి వాడిపోయి ఉన్నారు. వాణ్ణి చూడగానే ఆ అలసటలోనూ వాళ్ల కళ్లు మెరిశాయి. వాడి కాళ్లు కూడా ఉవ్విళ్లూరాయి. వాళ్ల మధ్యకి దూకుదామనుకున్నాడు.

“అటు కాదు, ఇటు! వేదిక మీదికి,” అని పలుకులమ్మ తరిమింది.

వేదిక మీద మెత్తటి ఆసనం వేశారు. కూర్చున్నాడు. లేత గడ్డి దండ వేశారు. ఉత్తప్పుడైతే వాసనకే కొరికేసేవాడు. సభామర్యాద గుర్తొచ్చి, ఎవరూ చూడనప్పుడు ఒక్క కొస మాత్రం నమిలాడు. తర్వాత గిజిగాళ్లు పచ్చగడ్డితో నేసిన శాలువా కప్పారు. పలుకులమ్మ వాడి గురించి చెప్పడం మొదలుపెట్టింది. వాడి పరుగు, వాడి తండ్రి పరుగు, తాత పరుగు. పందెంలో వాడు ఎర్రగుట్ట చేరడానికి పట్టే టైం కన్నా ఆవిడ ఆ సంగతి చెప్పడానికి ఎక్కువ పట్టింది.

తర్వాత మచ్చేశ్వరరావు గారు లేచారు.

“పిల్లలూ! కదలకుండా కూర్చోవడం ఆరోగ్యానికి చేటు. మన శరీరం ఉన్నదే కదలడానికి. ఏయ్, వెనక వరసలో ఎవడ్రా ఆ కదిలేది?”

సూదమ్మ ముళ్లు లేచాయి. వెనక వరస బిగుసుకుపోయింది.

“ఇక తిండి. తీపి తగ్గించాలి పిల్లలూ, తీపి విషం,” అంటుండగానే వేదిక మీదికి ఇప్పపూల లడ్లు వచ్చాయి. ఆయన ఒకటి నోట్లో వేసుకుని, ప్లేటు చెంగలరాయుడి వైపు తోశారు.

“నాకొద్దండి. పందెం ఉంది కదా, తీపి ముట్టను,” అన్నాడు చెంగలరాయుడు మెల్లగా.

సూదమ్మ మొహం ముడుచుకుపోయింది. “మా బడి లడ్డు మీకు ఆనుతుందా లెండి! పిల్లల తల్లులు రాత్రంతా కూర్చుని చుట్టారు.”

ఇంకేం చేస్తాడు? ఒకటి తిన్నాడు. ఒక్కటే తింటే బాగాలేదనుకుంటారేమోనని ఇంకోటి తిన్నాడు.

అంతలో ముందు వరసలోంచి ఒక కుందేలు పిల్ల లేచింది. పేరు దూది. “సార్, మీరెప్పుడు పరిగెడతారు?”

చెంగలరాయుడి గుండె గంతేసింది. “ఇప్పుడే!” అని లేవబోయాడు. శాలువా ఆసనానికి చిక్కుకుంది.

“కూర్చోవే! ఆరోగ్యం గురించి పెద్దలు చెబుతుంటే మధ్యలో లేస్తావా?” అంది సూదమ్మ. ఈలోగా గంట కొట్టారు. పిల్లలు లెక్కల క్లాసుకి పోయారు. వెళ్తూ వెళ్తూ దూది వెనక్కి తిరిగి తిరిగి చూసింది.

ఇంటికొచ్చాక చెంగలరాయుడికి మనసులో ఏదో వెలితిగా అనిపించింది. కానీ శాలువా భుజాన ఉంది కదా, వెచ్చగా ఉంది. మొదటి రోజు కదా, రెండో బడిలో తప్పకుండా పరిగెత్తుదాం అనుకున్నాడు.

రెండో బడి వాళ్లు మొదటి బడి కంటే పెద్ద వేదిక కట్టారు. మూడో బడి వాళ్లు వేదిక మీద ఇంకో చిన్న వేదిక కట్టారు. ఒకరు లడ్లు పెడితే ఇంకొకరు బెల్లం గారెలు పెట్టారు. “అక్కడ తిన్నారట, ఇక్కడ తినరా?” అంటే అక్కడా రెండు తినేవాడు. బడులయ్యాక సంఘాలు పిలిచాయి. సంఘాలయ్యాక తాబేళ్ల వాకింగ్ క్లబ్బు పిలిచింది. పొద్దుటి పరుగు సాయంత్రానికి వాయిదా పడేది, సాయంత్రం సన్మానం ఉండేది. మరి మానెయ్యొచ్చు కదా అంటారు. మీకెవరైనా శాలువా కప్పారా? కప్పి ఉంటే అలా అనరు. ఒకసారి కప్పించుకుంటే రెండోది ఎప్పుడా అనే ఉంటుంది మరి.

వాడుండే గుహనిండా శాలువాలు పేరుకున్నాయి. ఎండిపోయి, తినడానికి కూడా పనికి రాకుండా పోయాయి.

“మొహమాటానికి పోతే కడుపొచ్చిందని మా అమ్మమ్మ అనేది,” అంది కురంగమ్మ ఒకరోజు, వాడి నడుం వంక చూసి. “మీకూ వచ్చింది. ఎన్నో నెల?”

“హాస్యాలాడకు! ఇది గౌరవం వల్ల వచ్చిన నిండుతనం,” అన్నాడు చెంగలరాయుడు.

ఆ సాయంత్రమే వాడు ఓ సన్మానం ముగించుకుని ఇంటికొస్తున్నాడు. దారిలో వాగు అడ్డం వచ్చింది. ఆ వాగు వాడికో లెక్క కాదు. చిన్నప్పుడు చిరుత తరుముతుంటే దాని మీంచే దూకి ప్రాణం దక్కించుకున్నాడు. అప్పటి నుంచీ రోజూ చూడకుండానే దాటేవాడు. ఆ రోజూ అలాగే దూకాడు.

నడుమ పడ్డాడు.

దండతో సహా, శాలువాతో సహా, మోకాళ్లలోతు బురదలో పడ్డాడు. గట్టు మీద కప్పలు చప్పట్లు కొట్టాయి. సభలకి వెళ్లి వెళ్లి వాటికీ ఆ అలవాటు పట్టింది.

చెంగలరాయుడు అలా నీళ్లలోనే నిలబడిపోయాడు. వాడికి భయమేసింది. చిరుత వెనక పడ్డప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. ఇల్లు చేరి, తడిసిన శాలువా విసిరికొట్టి, “నా పరుగు పోయిందే కురంగం! దాన్ని నేనే పోగొట్టుకున్నాను,” అని బావురుమన్నాడు. వాడి తల్లి పోతూ పోతూ చెప్పిన మాట గుర్తొచ్చింది. ఒరే, కొమ్ములు చూసి మురిసిపోకు, మనల్ని బతికించేవి కాళ్లే అంది ఆవిడ.

కురంగమ్మ అప్పుడింక వెక్కిరించలేదు. ఒళ్లు తుడిచి, “పోయి రాజీనామా ఇచ్చి రండి,” అంది.

మర్నాడు మచ్చేశ్వరరావు గారి దగ్గరికి వెళ్లాడు.

“నన్ను వదిలెయ్యండి. నేను సాధన చేసుకోవాలి. పిల్లల్ని ఒక్కనాడైనా పరిగెత్తించింది కూడా లేదు,” అన్నాడు.

“రాజీనామానా? మార్గదర్శి అంటే పదవి కాదోయ్, బాధ్యత. పదవైతే రాజీనామా చేసుకోవచ్చు, బాధ్యతకి రాజీనామా ఉండదు,” అన్నారాయన చేప ముల్లుతో పళ్లు కుట్టుకుంటూ. “పందెంలో గెలిచినవాడే మార్గదర్శి. నువ్వు గెలుస్తున్నన్నాళ్లూ నీకిది తప్పదు.”

దారి పొడుగునా చెంగలరాయుడు ఆ మాటే ఆలోచించాడు. గెలుస్తున్నన్నాళ్లూ తప్పదంటే, ఓడితే తప్పుతుందన్నమాట! వెయ్యేళ్లు వర్ధిల్లండి మచ్చేశ్వరరావు గారూ అనుకున్నాడు.

ఎప్పుడూ రెండో స్థానంలో వచ్చే నీలాద్రి అనే మనుబోతు, అదే నీలగాయి, ఉన్నాడు. వాడికి శాలువా అంటే ప్రాణం. చెంగలరాయుడికి సన్మానం జరిగినప్పుడల్లా ముందు వరసలో కూర్చుని గుటకలు మింగేవాడు. వాడికి గెలుపు వదిలేద్దాం, వాడూ సంతోషిస్తాడు, నేనూ బయటపడతాను అని చెంగలరాయుడి పథకం. అయితే పరువు పోకూడదు. ఎర్రగుట్ట దగ్గరికి అందరికన్నా ముందు వచ్చి, అక్కడ కాలు బెణికినట్టు కుంటి, వెంట్రుకవాసిలో ఓడిపోవాలి. జనం అయ్యో పాపం అనాలి. ఆ తర్వాత హాయిగా కొన్నాళ్లు సాధన చేసి, మళ్లీ గెలిచినప్పుడు చూసుకోవచ్చు.

పందెం దాకా వాడు పరుగు సాధన చెయ్యలేదు గాని, కుంటడం బాగా సాధన చేశాడు. ఏ కాలు ఎత్తితే జాలిగా ఉంటుందో కురంగమ్మనడిగి తెలుసుకున్నాడు.

పందెం రోజు వచ్చింది. అడవంతా గట్ల మీద చేరింది. కొమ్ము ఊదగానే చెంగలరాయుడు పాత అలవాటు కొద్దీ ముందుకి దూసుకుపోయాడు. జనం కేరింతలు కొట్టారు. మొదటి మలుపు దాటేసరికి వాడికి రొప్పు వచ్చింది. రెండో మలుపులో నీలాద్రి దాటిపోయాడు. సరే, వాడు దాటాల్సినవాడే అనుకున్నాడు. తర్వాత కణుజు దుప్పి దాటింది. నక్క దాటింది. ఆ నక్క పందెంలో పేరైనా ఇవ్వలేదు, ఏదో పనిమీద అటు పోతోంది. చివరికి ఒక ముసలి అడవిపంది పక్కన నడుస్తూ, “ఏం నాయనా, ఒంట్లో బాగోలేదా?” అని పలకరించి ముందుకి వెళ్లిపోయింది.

ఎర్రగుట్ట చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. అందరూ నీలాద్రిని భుజాన ఎత్తుకుని ఊరేగింపుగా వెళ్లిపోయారు. ఇంత సాధన చేసి కుంటుదామంటే చూసేవాడేడీ? చెంగలరాయుడు గుట్ట కింద కూలబడి ఏడ్చాడు. ఓడిపోవాలనే వచ్చాడు, నిజమే. కానీ ఓడిపోవడం వేరు, ఓడిపోకుండా ఉండలేకపోవడం వేరు. ఆ తేడా వాడి గుండెల్లో గుచ్చుకుంది.

మర్నాటి నుంచి వాడి గుమ్మం తొక్కినవాళ్లు లేరు. పలుకులమ్మ ఎదురుపడి, “మిమ్మల్ని ఎక్కడో చూశానండీ,” అని ఎగిరిపోయింది. శాలువాలన్నీ ఇప్పుడు నీలాద్రి ఇంటి దారి పట్టాయి. కురంగమ్మ పాత శాలువాలు దులిపి గుహలో పరుపుగా పరిచింది. “ఇన్నాళ్లకి వీటివల్ల ఓ ప్రయోజనం,” అంది.

ఒంటరిగా ఉన్నప్పుడైనా కాస్త పరిగెత్తి చూసుకోవాలనిపించింది వాడికి. నలుగురి కంటా పడటానికి సిగ్గు. ఇప్పచెట్ల మైదానం గుర్తొచ్చింది. సూదమ్మ వాన పడినా సభ ఆగకూడదని కొత్తగా పెద్ద గుహలోకి సభల్ని మార్చింది. నీలాద్రి వారం వారం వచ్చి ఉపన్యాసం ఇస్తున్నాడు. కాబట్టి మైదానం ఖాళీ.

ఒక పొద్దున అక్కడికి పోయి, మెల్లగా అడుగులు వేస్తున్నాడు. గుహ ద్వారం బయట ఓ అరడజను మంది పిల్లలు నిలబడి ఉన్నారు. సభకి ఆలస్యంగా వచ్చారని సూదమ్మ వాళ్లని లోపలికి రానివ్వలేదు. ఆవిడ రూలది. ఆలస్యంగా వచ్చినవాడికి ఆరోగ్యం గురించి వినే అదృష్టం లేదు, బయట నిలబడాల్సిందే.

అందులోంచి దూది చెవులు నిక్కించి దగ్గరికొచ్చింది. “మీరు ఓడిపోయిన సారు కదూ?”

చెంగలరాయుడు తల దించుకున్నాడు. “అవునమ్మా.”

“అయితే ఖాళీగానే ఉన్నారు కదా. మాతో ఆడతారా?”

వాడికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్ని బడులు తిరిగాడు, ఇన్ని దండలు వేయించుకున్నాడు, ఈ ఒక్క మాట ఎవరూ అడగలేదు. “ఆడతాను. ఏం ఆట?”

“తరుముడాట. మీరు పరిగెత్తండి, మేం పట్టుకుంటాం.”

మచ్చేశ్వరరావు గారికి ఏళ్ల తరబడి దొరకని చెంగలరాయుడు, గట్టెక్కితే ఆయాసపడే కుందేలు పిల్లకి ఇట్టే దొరికిపోయాడు. దూది వాడి తోక పట్టుకుని వేలాడింది. పిల్లలు పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వారు. చూస్తే వాడూ నవ్వుతున్నాడు. ఎన్నాళ్లైందో అలా నవ్వి.

మర్నాడు ఆలస్యంగా వచ్చినవాళ్లు ఇంకాస్త పెరిగారు. ఆ మర్నాడు ఇంకా పెరిగారు. బడి పక్కనే ఇల్లున్న ఉడుత పిల్లలు కూడా దారి తప్పామని ఆలస్యంగా వచ్చారు. కోతిపిల్లలు మైదానం చుట్టూ ఉన్న చెట్లన్నీ ఎక్కి దూకేవి. పందిపిల్లలు పరిగెత్తి పరిగెత్తి బొర్లేవి. చెంగలరాయుడు పెద్దగా ఏమీ చెప్పేవాడు కాదు. పరిగెత్తేవాడు, అంతే. కొన్నాళ్లకి వాణ్ణి పట్టుకోవడానికి దూదికి సగం మైదానం పట్టింది. ఇంకొన్నాళ్లకి మైదానమంతా చాలలేదు.

ఒకనాడు నీలాద్రి గుహలో ఉపన్యాసం ముగించి చూస్తే ఎదురుగా ఖాళీ చాపలు. చప్పట్లు వేదిక మీద నుంచే వినిపించాయి. సూదమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకుని బయటికొచ్చింది. మైదానంలో బడి మొత్తం ఉంది. ఎండలో, చెమటలో, కేకల్లో ఉంది. ఆవిడ అరవబోయి ఆగింది. ఆ పిల్లల మొహాల్లో అంత వెలుగు ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ముళ్లు ఒక్కొక్కటే వాలిపోయాయి.

“టీచర్, మీరూ రండి!” అంది దూది.

“నన్నెవరు పట్టుకుంటారే?” అంది సూదమ్మ. అయినా దిగింది. అన్నట్టే, ఆవిణ్ణి ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ రోజు ఆటలో చివరిదాకా అవుట్ కానిది ఆవిడొక్కతే. దాని గురించి ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

వేసవికి ముందు సంఘం వారు పరీక్షకి వచ్చారు. పిల్లలు ఒక్క ఊపులో ఎర్రగుట్ట ఎక్కి దిగారు. ఎవరికీ రొప్పు లేదు. వెనకాల ఎక్కిన సంఘం వారికే వచ్చింది.

“అద్భుతం!” అన్నారు మచ్చేశ్వరరావు గారు. “అంతా నీలాద్రి ఉపన్యాసాల మహిమ! నీలాద్రీ, లేవవయ్యా, నలుగురూ చూస్తారు.”

నీలాద్రి లేవబోయాడు. ఇద్దరు పట్టుకుంటే గాని లేవలేకపోయాడు. భుజాన శాలువాలు, నడుం చుట్టూ లడ్లు, మాటకి ముందు ఆయాసం.

సూదమ్మ ఇక ఆగలేకపోయింది. “ఆయన ఉపన్యాసం వినని పిల్లలే సార్ ఇలా తయారయ్యారు. వీళ్లని పరిగెత్తించింది చెంగలరాయుడు. ఒక్క మాట చెప్పలేదు, ఒక్క లడ్డు తినలేదు.”

నీలాద్రికి కోపం రాలేదు సరికదా, మొహం వికసించింది. “అయితే నన్ను వదిలేస్తారా?” అన్నాడు ఆశగా.

మచ్చేశ్వరరావు గారు కాసేపు మీసం దువ్వారు. తర్వాత బల్ల గుద్దారు. “అలాంటి నిస్వార్థ సేవకుణ్ణి ఊరికే వదిలేస్తామా? నియమం మారుద్దాం! గెలిచినా ఓడినా మార్గదర్శి చెంగలరాయుడే! పెద్ద శాలువా తెప్పించండి. ఇప్పుడే, ఇక్కడే కప్పి, అన్ని బడులకీ తిప్పుదాం!”

మైదానంలో చెంగలరాయుడు పిల్లల మధ్య పడుకుని గడ్డి నములుతున్నాడు. తలెత్తి చూసేసరికి ఊరేగింపు వస్తోంది. ముందు పలుకులమ్మ అప్పుడే వాడి తాత పరుగు దగ్గర మొదలుపెట్టేసింది. వెనక లడ్ల గంపలు. మధ్యలో, రెండు పంజాలతో ఇంత వెడల్పు శాలువా విప్పి పట్టుకుని, ప్రేమగా నవ్వుతూ, మచ్చేశ్వరరావు గారు.

చెంగలరాయుడికి గుండె ఝల్లుమంది. ఆ మురికి వాగు, ఆ చప్పట్లు, ఎర్రగుట్ట కింద ఏడుపు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. మళ్లీ నా కాళ్లు ఇస్తానా? చస్తే ఇవ్వను.

లేచి ఒకటే పరుగు.

“అరె, ఆగవయ్యా! గౌరవిస్తామంటే పారిపోతావేం!” అని మచ్చేశ్వరరావు గారు వెంటపడ్డారు. మొదట నడిచారు. జింక ముందు పరిగెడుతుంటే చిరుత ఎంతసేపు నడుస్తాడు? పాత రక్తం పొంగింది. శాలువా నోట కరుచుకుని, నాలుగు కాళ్ల మీదికి దిగి, బొజ్జ ఊగుతుంటే దూసుకొచ్చారు. వెనక పిల్లలు, “మా సార్, మా సార్!” అని కేకలు పెడుతూ పరిగెత్తారు. వాళ్ల వెనక సూదమ్మ. అందరి వెనక, ఎందుకు పరిగెడుతున్నాడో తెలియకుండానే, నీలాద్రి.

ఎదురుగా వాగు వచ్చింది. చెంగలరాయుడు దాని వంక చూడలేదు. చిన్నప్పటిలాగే, చూడకుండానే ఎగిరాడు.

అవతలి ఒడ్డున, గట్టు మీద కాదు, గట్టు దాటి గడ్డిలో దిగాడు. కాసేపు నమ్మలేకపోయాడు. ఒక్కో కాలు ఎత్తి చూసుకున్నాడు. నాలుగూ వాడివే. “వచ్చేసిందే కురంగం, నా పరుగు నాకొచ్చేసింది!” అని అక్కడ లేని భార్యతో గట్టిగా చెప్పాడు. దూది కూడా దూకి వాడి పక్కన పడింది. మిగతా పిల్లలు వాగులో పడి, నవ్వుకుంటూ ఈదుకుంటూ వచ్చారు. కప్పలకి చప్పట్లు కొట్టడం కూడా గుర్తు రాలేదు.

మచ్చేశ్వరరావు గారు ఇవతలి ఒడ్డున ఆగి, నాలుక బయటపెట్టి రొప్పారు. శాలువా నోట్లోంచి జారి నీళ్లలో కొట్టుకుపోయింది. వెనక చేరిన సంఘం వారి వైపు తిరిగి, రొప్పు మధ్యే ఛాతీ విరిచి అన్నారు:

“చూశారా? మా శిష్యుడే! ఇప్పటికీ నేనే పరిగెత్తిస్తున్నాను!”

పంజా చూసి పరిగెత్తినవాడు ఛాంపియన్ అవుతాడు, శాలువా చూసి పరిగెత్తినవాడే ఆరోగ్యంగా ఉంటాడు.